ఒడ్డున చెప్పిన మాట, బస్టాండులో చెప్పిన మాట

మా సంస్థలోకి కృత్రిమ మేధ ప్రవేశించిన రోజున ఆఫీసులో ఉన్నది ఇద్దరం. సంస్థ మొత్తం కూడా దాదాపు అంతే. కార్యదర్శి గారు లెక్కల మాస్టారుగా రిటైరయిన మనిషి. నేను క్షేత్ర సమన్వయకర్తను, అంటే బస్సుల్లో తిరిగేవాణ్ణి. విజయనగరంలో ఒక స్టేషనరీ కొట్టు మీద మాకు రెండు గదులున్నాయి. ఒకదాంట్లో ఫ్యాను ఉంటుంది, రెండోదాంట్లో ఫైళ్ళుంటాయి.

అప్పుడు మా చేతిలో ఉన్న పని ఒకటే. కళింగపట్నంలో చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళకి మంచెలు కావాలి. నడుమెత్తున కర్రలు పాతి పైన వల బిగిస్తే అది మంచె. దాని మీద నెత్తళ్ళు, అంటే వేలెడేసి చేపలు, పరిస్తే కిందా పైనా గాలి తగులుతుంది, ఇసుక అంటదు, కుక్కలు నిరుత్సాహపడతాయి. ఇసుకలో ఎండిన నెత్తళ్ళను షావుకారు రెండు వేళ్ళతో ఎత్తి విదిలించే తీరు ఒక్కసారి చూసినవాళ్ళకి మంచె ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. కానీ సాయం చేస్తామన్న దాతల సంస్థవాళ్ళు అది చూడలేదు కాబట్టి చెప్పమన్నారు. నాలుగేళ్ళ మీ రికార్డుల్లోంచి ఆ అవసరాన్ని చూపిస్తూ ఒక నివేదిక పంపండి, గడువు ఐదు రోజులు అన్నారు.

రికార్డులకేం లోటు లేదు. ఊరికి వెళ్ళిన ప్రతిసారీ ఏం అడిగామో, ఏం చెప్పారో, చెప్పింది చెప్పినట్టు రాయాలన్నది మాస్టారి నియమం. అలా తొమ్మిది నోటుపుస్తకాలు నిండాయి. వాటిని నింపినవాణ్ణి నేనే గానీ, మళ్ళీ తెరిచిన పాపాన మాత్రం పోలేదు.

"అదేదో ఏఐ అంటన్నారు కదా, దానికిచ్చి సూడు," అన్నారు మాస్టారు. "దాని పుణ్యమా అని మా మనవరాలు నన్ను లెక్కలడగడం మానేసింది." ఆయన గొంతులో మెచ్చుకోలు అంతగా వినిపించలేదు.

ఆయన ఇంకో నియమం కూడా పెట్టారు. ఊళ్ళోవాళ్ళ పేర్లు దానికి తెలియకూడదు. దాంతో ఒక రోజంతా పేర్ల మీద కాగితం ముక్కలు కప్పుతూ పేజీలన్నిటికీ ఫోనుతో ఫొటోలు తీశాను. నా దస్తూరిని నేనే పోల్చుకోలేని చోట కూడా అది చదివేసింది. నాకు గౌరవం కలిగింది. కాస్త అవమానంగానూ ఉంది.

మంచెల సంగతి చెప్పి సారాంశం అడిగితే క్షణంలో వచ్చింది. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని పైకి చదివారు.

"'నాలుగేళ్ళుగా ఈ గ్రామ మహిళలు తమ పరిస్థితి పట్ల నిలకడగా సంతృప్తి వ్యక్తం చేస్తున్నారు. చేపలు ఎండబెట్టడంలో చెప్పుకోదగ్గ ఇబ్బంది నమోదు కాలేదు. మంచెల అవసరాన్ని సమర్థించే ఆధారాలు లభించలేదు. ఇది మీ సంస్థ కృషి ఫలితం కావచ్చు.'"

మాస్టారు కళ్ళజోడు తీసి మడిచారు.

"అయితే ఇంక మనం తాళం వేసుకోవచ్చు," అన్నారు మాస్టారు.

పుస్తకాలు తిరగేశాను. యంత్రం తప్పేమీ లేదు. పేజీ తర్వాత పేజీ, నా దస్తూరితోనే: 'ఎలా ఉందని అడిగాను. బాగానే ఉన్నాది అన్నారు.' 'చేపలు ఎండుతున్నాయా అన్నాను. ఎండుతన్నాయి అన్నారు.' తుఫాను వెళ్ళిన మూడో రోజున కూడా బాగానే ఉన్నాదట. నేను అదీ రాసుకొచ్చాను.

కావాలంటే సాధారణంగా ఇలాంటి చోట్ల ఉండే సమస్యలను ఊహించి రాసిస్తానని అది వినయంగా చెప్పింది.

"ఊహించి రాయడానికి అదెందుకు, మనం నేమా?" అన్నారు మాస్టారు. "రేపు పొద్దున్న బస్సెక్కు."

ఎక్కాను. శ్రీకాకుళంలో బస్సు మారి కళింగపట్నం చేరేసరికి ఒడ్డున నెత్తళ్ళు పరిచి ఉన్నాయి. వాటి మధ్య గొంతుకూర్చుని అప్ప తిరగేస్తోంది. అప్ప అంటే ఈ వైపు అక్క అని. ఈవిడ ఆడవాళ్ళ సంఘానికి పెద్ద. ఊరందరికీ అప్పే, నాకూ అప్పే.

"ఏటి తమ్ముడా, సెప్పాపెట్టకుండా వచ్చినావు?"

ఫోను తీసి సారాంశం చదివి వినిపించాను. అప్ప చేతులు ఆగిపోయాయి.

"మాకు మంచెలు అక్కర్నేదని ఎవులు సెప్పినారు?"

"మీరే అప్పా. నాలుగేళ్ళుగా ఎప్పుడడిగినా బాగానే ఉన్నాదంటన్నారు. తుఫానప్పుడు కూడా..."

"మెల్లగా మాటాడు!" అంటూ సముద్రం వైపు ఓరగా చూసింది. లేచి చేతుల ఇసుక దులుపుకుంది. "నాతోటి రా."

వెంట నడిచాను. ఇళ్ళు దాటాం, వలలు బాగుచేసే పాక దాటాం, రోడ్డు మీదికొచ్చి బస్టాండు రేకు కింద కూర్చున్నాం. అప్ప చెవి రిక్కించింది.

"ఇనబడతందా?"

"ఏటి?"

"సముద్రం."

"లేదు."

"అయితే రాసుకో."

పుస్తకం తీశాను గానీ నాకేమీ అర్థం కాలేదని మొహం చూసి గ్రహించినట్టుంది.

"గంగమ్మతల్లి ఎదర నిలబడి, నువ్వు పెట్టింది సాల్నేదని ఎవులంటారు తమ్ముడా? తెల్లారితే మళ్ళీ ఆవిడ దగ్గిరికే కదా ఎల్లాల! నువ్వేమో ఎప్పుడొచ్చినా ఒడ్డునే కూకుని అడుగుతావు. సదువుకున్నోడు కదా, ఫొటో బాగొస్తాదని అడుగుతన్నాడు అనుకున్నాం."

నేను చదివింది సోషల్ వర్క్. ఈ పాఠం సిలబస్‌లో లేదు.

అప్ప చెప్పడం మొదలుపెట్టింది. వానకి తడిసి పురుగుపట్టిన నెత్తళ్ళను కోళ్ళమేతకి పారబోసినట్టు ఇచ్చెయ్యడం, వంగి వంగి లేవలేని నడుములు, ఇసుక చూపించి షావుకారు బేరం తగ్గించడం. దారినపోయే ఇంకో నలుగురు ఆడవాళ్ళు ఆగి, తమవీ కలిపారు. నాలుగేళ్ళ పుస్తకాల్లో లేనిది గంటన్నరలో వచ్చింది. రెండు బస్సులు వదిలేశాను. మూడోదాని కండక్టరు మమ్మల్ని చూసి ఆపకుండానే పోయాడు.

మర్నాడు ఆ పేజీలు కూడా యంత్రానికిచ్చాను. పాత రికార్డులకీ కొత్తవాటికీ పొంతన లేదు, కారణం చెప్పగలరా అని అడిగింది. పాతవి సముద్రం వింటుండగా చెప్పినవి అని రాశాను. సందర్భం అర్థమైందని చెప్పి, ఆ మాట కూడా చేర్చి, చక్కటి నివేదిక రాసిచ్చింది. అందులో అప్ప అనని మాటలు రెండుంటే మాస్టారు ఎర్ర పెన్నుతో కొట్టేశారు. చాలా కాలానికి ఆయన చేతికి దిద్దడానికి ఒకటి దొరికింది. గడువుకి ఒక పూట ముందే పంపాం.

ఆ తర్వాత నోటుపుస్తకంలో కొత్త గడి గీశాం: 'ఎక్కడ అడిగారు?' యంత్రం వల్ల మా సంస్థకి కలిగిన మొదటి ప్రయోజనం ఒక స్కేలు గీత.

దాతల సంస్థ నుంచి ఒకావిడ స్వయంగా చూడడానికి వచ్చారు. నేను నోరు తెరిచేలోపు నేరుగా ఒడ్డుకి నడిచి, "ఎలా ఉందమ్మా?" అని అడిగేశారు.

"బాగానే ఉన్నాది తల్లీ. ఏ లోటూ నేదు," అంది అప్ప. వెనకున్నవాళ్ళంతా తలూపారు.

ఆవిడ తన చేతిలోని మా నివేదిక వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు.

"మేడం, ఒక్కసారి బస్టాండు దాకా నడుద్దామా?" అన్నాను.

మంచెలు వచ్చాయి. మొన్న వెళ్ళేసరికి వాటి మీద నెత్తళ్ళు వెండిలా మెరుస్తున్నాయి, కింద కుక్కలు పడుకుని పైకి చూస్తున్నాయి.

"ఎలాగున్నాయప్పా మంచెలు?"

"బాగానే ఉన్నాయి."

ఆ మాటని నేనింక ఊరికే నమ్మను. "పద, బస్టాండుకి ఎల్దాం."

"ఎందుకూ? నాకు పనుంది," అంది అప్ప, నిలబడే నెత్తళ్ళు తిరగేస్తూ.

పుస్తకం తీసి కొత్త గడిలో రాశాను: 'ఒడ్డున. బస్టాండుకి రానంది.'