రోజుకు ఆరు రంధ్రాలు

రంధ్రాలు వేసే కరెంటు బర్మా ఏ కంపెనీది కొనాలని ఇప్పటికీ జనం నన్ను అడుగుతుంటారు. బండ్లు చేసేవాళ్లు, తలుపులు బిగించేవాళ్లు, ఇంట్లో గోడకు రెండు చిలక్కొయ్యలు కొట్టుకోవాలనుకునే ఉద్యోగస్తులు. నాకు లెక్క తెలుసని పేరు. ఎర్ర డబ్బాలో వచ్చే కంపెనీది మాత్రం కొనొద్దని బోధన్ చుట్టుపక్కల ఎవరిని అడిగినా చెప్తారు. ఆ మాట ఎట్లా పుట్టిందో తెలిసినవాళ్లం ఇద్దరమే.

మా అన్న బండ్ల మేస్త్రీ. ఇంటి ముందు కొట్టంలోనే పని. కట్టె చక్రాల బండ్లు తగ్గిపోయి రబ్బరు టైర్ల బండ్లు పెరుగుతున్న రోజులవి. చెరుకు మోసే బండికి ఇరుసు మీదా, నొగల దగ్గరా ఇనుప పట్టీలు వేసి బోల్టులు బిగించాలి. ఒక్కో బండికి ఇరవై నాలుగు రంధ్రాలు పడేవి. నేను పట్టీల మీద సుద్దతో గీతలు గీసి గుర్తులు పెట్టేవాణ్ని, అన్న రంధ్రాలు వేసేవాడు. నా చదువు నాలుగో తరగతి దగ్గర ఆగింది. భిన్నాలూ శాతాలూ నిజామాబాద్ గంజ్‌లో పసుపు తూకాల పక్కన నిలబడి నేర్చుకున్నాను. అన్నకు చదువు లేదు. ఏ కొలత అయినా, ఏ లెక్క అయినా నా వైపు చూసేవాడు.

రంధ్రాలు వేసేది ఛాతీ బర్మాతో. దాని వెనక చివర ఒక ఇనుప బిళ్ల ఉంటుంది. దాన్ని ఛాతీకి ఆనించి, ఒంటి బరువంతా వేసి, కుడిచేత్తో చక్రం తిప్పాలి. పదిహేనేళ్లు అట్లా తిప్పేసరికి అన్న ఛాతీ మీద రూపాయి బిళ్లంత కాయ కాసింది. కుడి భుజం వాచి, పొద్దున లేవగానే చెయ్యి కదిలేది కాదు. సర్కారు దవాఖానలో డాక్టరు చూసి, ఇంకొక్క సీజన్ దీన్ని తిప్పావంటే ఈ భుజం మీద ఆశ వదులుకో అన్నాడు. ఆ ఏడు కరెంటు బర్మా కొందామనుకున్నది అందుకే. కొట్టంలోకి కరెంటు అప్పటికే వచ్చింది.

ఇద్దరం బస్సెక్కి నిజామాబాద్ పోయాము. ఇనుప సామాన్ల దుకాణం ముసలాయన మా నాన్న కాలం నుంచి తెలిసినవాడు. రెండు డబ్బాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు, ఒకటి ఎర్రది, ఒకటి నీలంది. రెండు వేరువేరు కంపెనీలవి.

"ఇంటికా భాయ్, కార్ఖానాకా?" అని అడిగాడు.

"బండ్ల పనికి," అన్నాడు అన్న.

"అయితే వినుండ్రి. ఎర్ర డబ్బాది ఇంటోళ్లది. పది నిమిషాలు నడిపితే పది నిమిషాలు దమ్ తీస్కోవాలె. నీలందేమో పొద్దుగాల పెడితే మాపటిదాంక తిరుగుతది. ధర రెండింతలు. ఎర్రోళ్లు గూడ కార్ఖానాది చేస్తరు గని నా దగ్గర లేదు, హైదరాబాద్ కెళ్లి తెప్పియ్యాలె."

అన్న నీలం డబ్బాలోది చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి, నొక్కే చోట వేలు పెట్టి చూశాడు. "గిది మన పనిది తమ్మీ. బరువు సూడు," అన్నాడు.

"బరువు జూసి కొనెటందుకు గిది మేకపోతా అన్న?" అన్నాను. దుకాణం ముసలాయన నవ్వాడు. ఆ నవ్వు నాకు బాగా నచ్చింది.

జేబులోంచి చిన్న నోటుబుక్కు తీశాను. కిందటేడు మేము చేసిన బండ్లు డెబ్బై ఎనిమిది. ఇరవై నాలుగుతో గుణిస్తే పద్దెనిమిది వందల డెబ్బై రెండు రంధ్రాలు. అమాసలు, పండుగలు, పెండ్లిళ్లు కలిపి యాభై మూడు నాగాలు. మూడు వందల అరవై ఐదులోంచి అవి తీసేస్తే మూడు వందల పన్నెండు పనిదినాలు. భాగించాను. శేషం లేకుండా ఆరు వచ్చింది. శేషం లేని భాగారం చూస్తే నాకు అప్పట్లో ఒక రకమైన మత్తు.

"రోజుకు ఆరు రంధ్రాలు," అన్నాను. "ఆరింటికి గంత పెద్దది ఎందుకు? నడుమ దమ్ తీస్కున్నా గంటల ఒడుస్తది."

అన్న నీలం బర్మాను ఇంకోసారి చేతిలో తూచినట్టు పట్టుకున్నాడు. తర్వాత మెల్లగా, "ఆరేనా? నాకు ముప్పై చేసినట్టుంటది," అన్నాడు.

"నొప్పికి లెక్క రాదన్న."

అన్న నీలందాన్ని డబ్బాలో పెట్టేశాడు. ఎర్రది తీసుకొని వచ్చాము.

చెరుకు ప్రాంతంలో పుట్టి పెరిగినవాడెవడూ చేయకూడని పొరపాటు నేను చేశాను. చక్కెర ఫ్యాక్టరీ ఏడాది పొడుగునా నడవదు. చెరుకు ఎప్పుడు కోసి తేవాలో ఫ్యాక్టరీ రైతుకు చిట్టీ ఇస్తుంది. చిట్టీ వచ్చేదాకా రైతు బండి జోలికి పోడు. వచ్చాక చెరుకు కోస్తే ఆగదు, ఎండలో ఉన్నకొద్దీ తూకం పోతుంది. అందుకని బండ్లన్నీ ఒకేసారి మా కొట్టం ముందుకు వస్తాయి. ఇది నాకు తెలియక కాదు. ఆ బండ్ల నడుమ నిలబడి గీతలు గీసినవాణ్ని నేనే. కానీ దుకాణంలో భాగారం వేసేటప్పుడు ఏడాది అంటే మూడు వందల అరవై ఐదు అని మాత్రమే తోచింది. అమాసలు మర్చిపోలేదు, సీజన్‌ను మర్చిపోయాను.

మొదట్లో బర్మా హాయిగా తిరిగింది. వదిన వంటింట్లోంచి వచ్చి నిలబడి చూసి, "ఇన్నొద్దులు మీ అన్న భుజం బొక్కలు అరిగినంక తెలివొచ్చిందా నీకు?" అని నన్ను ఎత్తిపొడిచింది గానీ, ఆమె ముఖంలో సంతోషం ఉంది. ఇంతలో ఫ్యాక్టరీ గేటు తెరిచే రోజు దగ్గర పడింది. చిట్టీలు వచ్చాయి. కొట్టం ముందు రోడ్డు దాకా బండ్లు.

నవీపేట్ నుంచి వచ్చిన ఒక రైతు బండి పక్కనే కూర్చొని కదలనన్నాడు. "నా చిట్టీ ఎల్లుండిది మేస్త్రీ. నీ మిషిను దమ్ తీస్కునేదాంక నా చెరుకు కట్టెలైతయి," అన్నాడు. పక్కనున్నాయన, "ఇది మిషినా, అత్తగారింటికొచ్చిన అల్లుడా, గడికొకసారి పండుకుంటది?" అన్నాడు. అందరూ నవ్వారు. అన్న దమ్ ఇవ్వడం మానేశాడు. నేను వద్దనలేదు.

ఆ రద్దీ మొదలైన ఇరవయ్యో రోజున బర్మా చీలికల్లోంచి పొగ వచ్చింది. కాయిల్ మాడిన వాసన కొట్టమంతా నిండింది. అన్న దాన్ని మెత్తగా, జబ్బు చేసినదాన్ని పడుకోబెట్టినట్టు, నేల మీద పెట్టాడు.

నేను దాన్ని సంచిలో వేసుకొని నిజామాబాద్ బస్సెక్కాను. దారిలో నోటుబుక్కు తీసి, సీజన్ బండ్లు విడిగా లెక్క వేశాను. కిందటేడు ఫ్యాక్టరీ గేటు తెరవడానికి ముందూ వెనకా నలభై రోజుల్లో చేసినవి యాభై బండ్లు. యాభైని ఇరవై నాలుగుతో గుణించి నలభైతో భాగిస్తే ముప్పై. దీనికీ శేషం లేదు. అన్న దుకాణంలో చెప్పిన సంఖ్య అదే. ఆయన భుజంతో లెక్క పెట్టాడు.

దుకాణం ముసలాయన బర్మాను వాసన చూసి, తల అడ్డంగా ఊపాడు. కాయిల్ కొత్తగా చుట్టి రావడానికి నెల పడుతుందన్నాడు. నీలం డబ్బా అప్పటికే ఎవరో కొనుక్కుపోయారు, మరో ఎర్రది కొనడానికైనా నా దగ్గర డబ్బు లేదు. నోటుబుక్కు నా చేతిలోనే ఉంది.

"రోజుకు ఎన్ని బెజ్జాలు కొట్టిండ్రు భాయ్? సచ్ చెప్పు."

"ఆరు," అన్నాను.

"ఆరింటికే కాలిందా?" ఆయన ఎర్ర డబ్బాల వరస వైపు చూశాడు. "అయితే కంపెనీ మాలే ఖరాబ్. నీ అసొంటి లెక్కల మనిషి అబద్ధం ఎందుకాడుతడు?"

ఆయన ఆ మాట బల్కొండ నుంచి బోధన్ దాకా వచ్చిన ప్రతి గిరాకీకీ చెప్పాడు. తప్పు ఆయనది కాదు.

కొట్టం ముందు ఇంకా పదకొండు బండ్లు ఉన్నాయి. సీజన్‌లో చుట్టుపక్కల ఏ కమ్మరీ ఖాళీగా లేడు. నేను ఛాతీ బర్మా పట్టుకొని చూశాను. రెండు రంధ్రాలు వంకరపోయాయి, మూడోదానికి బిట్టు విరిగింది. అన్న నా చేతిలోంచి దాన్ని తీసుకున్నాడు. వదిన ఆయన ముందు నిలబడి వద్దని మొత్తుకుంది. "మాట ఇచ్చిన గదనే. ఆళ్ల చెరుకు ఎండుతది," అన్నాడు. రెండు వందల అరవై నాలుగు రంధ్రాలు. ఇరుసు పట్టీల మీద గుర్తులు పెట్టింది నేనే. ఒక్కొక్క గుర్తు గీస్తుంటే ఎంత భారంగా ఉండేదో రాయలేను.

పదకొండో బండి వెళ్లిపోయిన వారానికి ఆయన కుడిచెయ్యి ఛాతీ కంటే పైకి లేవడం మానేసింది. ఇప్పటికీ లేవదు. అన్నం ఎడమచేత్తో తింటాడు. నలుగురిలో తినాల్సివస్తుందని పెండ్లిళ్లకు పోడు. కొట్టం రెండేళ్లు కూలి మేస్త్రీలతో నడిచి మూతపడింది.

ఎవరైనా అడిగితే, "ఎర్ర డబ్బా కంపెనీది తీస్కోకుండ్రి, నా చెయ్యి సూడుండ్రి," అని ఆయనే చెప్పేవాడు. నేను పక్కనే ఉండేవాణ్ని. నాలుగేళ్లు విన్నాను. ఒకరోజు ఎవరూ లేనప్పుడు నోటుబుక్కు తెరిచి, నలభై రోజుల లెక్క చదివి వినిపించాను. బర్మా కాలాక దుకాణంలో ఆరు అని అబద్ధం చెప్పిన సంగతీ చెప్పాను.

ఆయన బీడీ ముట్టించుకున్నాడు. "ఎర్కనే," అన్నాడు.

"ఎప్పటిసంది?"

"మిషిను కాలిన పొద్దే. పొద్దున సంది మాపటిదాంక ఎన్ని కొట్టిననో నాకు తెల్వదా?"

"మరి తప్పు కంపెనీ మీద ఎందుకు పెడుతున్నవన్న?"

"కంపెనీకి ఏమైతది తమ్మీ? నీకు లెక్క తప్ప ఇంకేం ఉన్నది?"

తిట్టినా బాగుండేది.

నిరుడు ఆయన ఇంటి పైకప్పు మార్చాడు. నేను గుంజలు పట్టుకొని అక్కడే నిలబడి ఉన్నాను. ఎన్ని రేకులు పడతాయో లెక్క చెప్పమని ఎదురింటి దర్జీని పిలిచాడు. దర్జీ టేపుతో కొలిచి, వేళ్ల మీద లెక్కబెట్టి, పదిహేడు అన్నాడు. పదహారు చాలు. నేను నోరు తెరవబోయాను. అన్న నా వైపు చూడకుండానే, "పదిహేడు తెప్పియ్యి," అన్నాడు దర్జీతో. "ఒకటెక్కువైతే కానియ్యి."