రాబోయే ముసలామె పళ్లెం

మా పక్క ఖోలీలో, అంటే పక్క గదిలో ఉండే పెద్దమ్మ పోయిన సోమవారం పొద్దున నిద్రలోనే వెళ్లిపోయింది. చాయ్ తీసుకువెళ్లి పిలిచాను, పలకలేదు. బొంబాయి కామాటిపురాలో, వరస గదుల మా చాల్‌లో, ఒకే గోడకు అటూ ఇటూ ఇరవై ఏళ్లు బతికాం. ఆమె నాకు చుట్టం కాదు. కానీ ఇవాళ నేను ఈ గదిలోనే కూర్చుని ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే అది ఆమె చలవే.

భర్త పోయాక ఆమె ఖానావళి పెట్టుకుంది. పాలమూరు నుంచి ఒంటరిగా వచ్చి పనిచేసుకునే మగవాళ్లకు నెలకింత అని తీసుకుని రెండు పూటలా తిండి పెట్టేది. తినేవాళ్లు పన్నెండుమంది. ఆమె మాత్రం పదమూడు పళ్లాలు వేసేది. చివరిది బోర్లించి ఉండేది.

"పెద్దమ్మా, నీ సుట్టం ఇయ్యాల గూడ రాలేదా?" అని వాళ్లు ఆట పట్టించేవారు.

"బండెక్కింది. గ్రాంట్ రోడ్ టేషన్ల దిగుడే ఆలస్యం" అనేది. "ముసల్ది. మోకాళ్లు పట్టుకొని, కండ్లు ఆనక వస్తది. అప్పుడు ఆమెకు పెట్టేదెవరు, మీరా?"

కొత్తలో నేను నిజంగానే ఎవరో వస్తారనుకున్నాను. ఆ మాటలు వింటుంటే రైలు కిటికీ పక్కన మూట ఒళ్లో పెట్టుకున్న ఒక ముసలామె నా కళ్లకు కనిపించేది. ఆమె ఎవరో నాకు చాలా రోజులకు గానీ తెలియలేదు. ముసలిదై ఎప్పటికో రాబోయే పెద్దమ్మే ఆమె. నెల మొదట్లో అందరి దగ్గరా తీసుకున్నట్టే తన దగ్గరా తీసుకుని, ఆ పదమూడో పళ్లెం పైసలు పోస్టాఫీసులో వేశాకే బియ్యం కొనేది.

లెక్క రాయడం నాకూ అలవాటే. ఉప్పు, కిరసనాయిలు, ఊళ్లో ఇల్లు కట్టడానికి పంపే మనియార్డరు, అన్నీ రాసేదాన్ని. మిగిలిందంతా ఊరికే పంపేవాళ్లం. మా చాల్‌లో అందరిదీ అదే తీరు. ఉండేది ఇక్కడ, గోడలు లేపేది అక్కడ. బొంబాయిలోనే ముసలివాళ్లమవుతామని ఎవరమూ అనుకోలేదు.

అంతలో బట్టల మిల్లుల సమ్మె మొదలైంది. మా ఆయన పనిచేసే మిల్లు కూడా మూతపడింది. నాలుగో నెలలో ఆయన, "ఖోలీ వేరేవాళ్లకిచ్చి, వచ్చిన పైసలతో ఊరికి పోదాం" అన్నాడు. ఊళ్లో ఇంటికి ఇంకా పైకప్పు లేదు. చేయడానికి పనీ లేదు. ఈ గది పోతే మళ్లీ బొంబాయిలో కాలు పెట్టే చోటుండదు. పెద్దమ్మ దగ్గరికి వెళ్లి పోస్టాఫీసు పైసల్లోంచి అప్పు అడిగాను.

"అవి నావి కావు బిడ్డా. ముసల్దానివి. ఆమె ఇంక రాలే, ఎట్ల అడుగుదు?"

"మా పొయ్యి ఆరిపోతుంటే నీకు నవ్వులాటా?" అని లేచి వచ్చేశాను. రెండు రోజులు నల్లా దగ్గర ఎదురుపడినా మొహం తిప్పుకున్నాను.

మూడో రోజు పొద్దున్నే తలుపు కొట్టింది. ఆమె పళ్లాలూ సగం ఖాళీ అయ్యాయి, తినే మిల్లువాళ్లు ఊళ్లకు వెళ్లిపోయారు. ఆమె మాత్రం ఆ రెండు రోజులూ వర్లి దాకా తిరిగి వచ్చింది.

"ఆడ బిల్డింగు కట్టే పాలమూరోళ్లున్నరు. పగటికి జొన్నరొట్టె దొరకక సస్తున్నరు. నావి రెండు చేతులే. కోపం తగ్గిందా?"

"తగ్గలే."

"మంచిది. ఆ కోపంతోని పిండి పిసుకు, రొట్టె మంచిగొస్తది."

రొట్టెల గంప వర్లి దాకా మోయమంటే మా ఆయన తల అడ్డంగా ఊపాడు. పెద్దమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "మిల్లుల బట్టల బేళ్లు మోసినవ్ కద అల్లుడా, రొట్టెలు బరువైతయా?" ఆయన గంప ఎత్తుకున్నాడు.

నెల తిరిగాక పెద్దమ్మ నా వాటా చేతిలో పెడుతూ ఒక నోటు పట్టుకుని వదల్లేదు.

"ఇది నీ ముసల్దానిది."

"నాకెక్కడిది ముసల్ది?"

"నాకు అవుపడుతుంది. గల్లీ మలుపుకాడ ఉంది. నీ లెక్కనే నడుస్తది, జర ఎడమకాలు ఈడుస్తది."

నవ్వాను. కానీ గదుల ముందు గ్యాలరీలోకి వచ్చాక మలుపు వైపు చూడకుండా ఉండలేకపోయాను. ఆ మధ్యాహ్నమే పోస్టాఫీసులో నా పేరున పాసుబుక్కు తీసుకున్నాను. ఖోలీ మాకు మిగిలింది. ఊరికి మనియార్డరు సగమైంది. ఆ సగం గురించి అత్తింట్లో ఇప్పటికీ గొణుగుతారు.

మోకాళ్లు మొరాయించాక పెద్దమ్మ ఖానావళి నాకే అప్పగించింది. అప్పటినుంచి తన తిండికి నాకు నెలనెలా పైసలిచ్చేది. వద్దంటే, "ముసల్దాన్ని బిచ్చగత్తెను చేస్తవా?" అని కసిరేది. మందులకు కూడా ఎవరి ముందూ చెయ్యి చాపలేదు.

పోయిన దసరా తర్వాత ఒక సాయంత్రం గుర్రపు బగ్గీ పిలిపించి నన్ను చౌపాటీకి బయల్దేరదీసింది. నేను కొంగుముడి విప్పబోతే చేతిమీద ఒకటిచ్చి కిరాయి తనే కట్టింది. అన్నేళ్లూ బొంబాయిలో ఉండి ఆమె సముద్రంలో కాలు పెట్టింది ఆ రోజే. చెప్పులు నా చేతికిచ్చి, చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని నిలబడింది. అల వచ్చి చీలమండలు ముంచి, కాళ్లకింది ఇసుకను కొంచెం లాక్కుపోయింది. ఆమె పాదాలు ఇసుకలోకి కొంచెం దిగబడ్డాయి.

చీకటి పడుతోంది, పోదాం పద అన్నాను.

"ఉండు, ఇంకొకటి రానీ" అంది, నీళ్ల మీంచి చూపు తిప్పకుండా.