నోటితో నేర్పిన డ్రిల్లు

2012 జూలై. ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలు. సన్నని తుంపర. చిక్కడపల్లిలోని నా గది నుంచి నారాయణగూడలోని నర్సింగ్ కళాశాలకు ఇరవై రెండు నిమిషాల నడక. సైన్యపు వైద్య విభాగంలో ఇరవై ఆరేళ్లు పనిచేసి సుబేదారుగా పదవీ విరమణ చేసిన నాకు అది చివరి పోస్టింగు. సిమ్యులేషన్ ల్యాబ్ నాకు అప్పగించారు. అంటే విద్యార్థినులు రోగిని ముట్టుకోబోయే ముందు వారిచేత బొమ్మ మీద అభ్యాసం చేయించడం.

సరంజామా: మంచం ఒకటి, బొమ్మ ఒకటి. మీట నొక్కితే దాని ఛాతీ నిమిషానికి పదహారు సార్లు లేచి పడుతుంది. విద్యార్థినులు నలభై మంది. ఎక్కువ మంది పల్లెల నుంచి వచ్చి అశోక్ నగర్ హాస్టళ్లలో ఉంటున్నవారు.

మొదటి రోజు నవ్వారు.

"సార్, గీయనకు పెండ్లయిందా?"

"మా తాత లెక్కనే పన్నడు. ఏం జెప్పినా పలుకడు."

నేను నవ్వలేదు. వారం తిరిగేసరికి వారూ మానేశారు. వంతు కోసం తగవులాడసాగారు. ఎవరికీ హాని కలగకుండా తప్పు చేయగల చోటు అదొక్కటేనని వారికి అర్థమైంది.

ఆగస్టులో ప్రిన్సిపాల్ మేడం ఆజ్ఞ వచ్చింది.

"సుబేదార్ గారు, బొమ్మని ఇక ముట్టుకోనివ్వకండి. పాడైతే తనిఖీకి ఏం చూపిస్తాం? చేసే పని నోటితో చెప్పిస్తే చాలండి. వార్డుకి పంపే ముందు నెల రోజులు మీ ఇష్టం. మాటిస్తున్నాను."

ఆజ్ఞ పాటించడం నా అలవాటు. మంచానికి అడుగు దూరంలో నిలబెట్టి చెప్పించాను. "చేతులు కడుక్కున్నాను. శ్వాస లెక్కించాను. పదహారు."

నల్గొండ వైపు నుంచి వచ్చిన స్వరూప చేయెత్తింది. వాళ్లింట్లో కళాశాల గడప తొక్కిన మొదటి మనిషి ఆమె.

"సార్, నోటితోని చెప్తే చేతికెట్ల వస్తది?"

"నెల రోజులు చేతితోనే చేయిస్తాను. నా మాట."

"మీరంటే సరే సార్."

జనవరిలో శిక్షణ పూర్తయినట్టు ఒక కాగితం నా ముందుకు వచ్చింది. తనిఖీ దగ్గరపడిందనీ, ఆ నెల రోజులు తరువాత ఇస్తామనీ మేడం అన్నారు. సంతకం చేశాను. మూడో నాడే విద్యార్థినులను వార్డుకు పంపారు. ల్యాబ్ తాళం మళ్లీ నా చేతికి రాలేదు.

ఫిబ్రవరి. ఉదయం తొమ్మిదిన్నర. వార్డులో ఒక వృద్ధుడు ఆయాసపడుతున్నాడు. స్వరూప మంచానికి అడుగు దూరంలో నిలబడింది. "శ్వాస లెక్కించాను. పదహారు" అని స్పష్టంగా పలికి చార్టులో రాసింది. అబద్ధమాడుతున్నానని ఆమెకు తెలియదు. నేను నేర్పినది పొల్లుపోకుండా చేసింది. వెనకే వచ్చిన సిస్టర్ లెక్కిస్తే ముప్పై ఎనిమిది. వెంటనే ఆక్సిజన్ పెట్టారు. మనిషి దక్కాడు.

మర్నాడు పదకొండింటికి విచారణ. మేడం ఆ కాగితాన్ని నా వైపు తిప్పారు.

"ఈ సంతకం మీదేనాండీ?"

"నాదే. కాని శిక్షణ జరగలేదు. నెల రోజులు ఇస్తానని మీరు మాటిచ్చారు."

"నేనా? ఎప్పుడండీ?"

ఆ గొంతులో మర్యాద రవ్వంత తగ్గలేదు. సరిహద్దులో ఎదుటివాడు ఎటు నుంచి కాలుస్తాడో కనీసం ఒక అంచనా ఉండేది.

గోడవారగా నిలబెట్టిన స్వరూప మేడం వైపు చూడలేదు. నా వైపే చూసింది.

ఆమెను కోర్సు నుంచి తొలగించారు. మధ్యాహ్నం రెండింటికి నేను రాజీనామా ఇచ్చాను. దానివల్ల ఆమె సీటు తిరిగి రాలేదు. సాయంత్రం గది ఖాళీ చేసి, కరీంనగర్ బస్సెక్కి ఇల్లు చేరాను.

అంతకు ముందు, కళాశాల విడిచేటప్పుడు, మెట్ల దగ్గర స్వరూప ఎదురైంది. భుజాన సంచి.

"చెయ్యియ్యుండ్రి సార్" అంది.

మూడు వేళ్లు నా మణికట్టు మీద ఆనించింది. గోడ గడియారం చూస్తూ నిండు నిమిషం నాడి లెక్కపెట్టింది. పెదవులు కదలలేదు.

"నూట నాలుగు, సార్. జర కూసోండ్రి."