నయీముద్దీన్ రేకు కారు

మట్టెవాడలో నయీముద్దీన్ ఇల్లెక్కడని అడిగితే బుర్ర గోక్కునేవాళ్లు. డబ్బా నయీం అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా తీసుకెళ్లి దుకాణం ముందు నిలబెట్టేవాళ్లు. ట్రంకు పెట్టెలు, బియ్యం డబ్బాలు చేయడం అతని పని. ఎంత మొండి రేకైనా అతని సుత్తికి లొంగేది. మనిషి మాత్రం మహా మెతక. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు. బేరమాడిన ప్రతివాడూ అతన్ని నాలుగు మొట్టికాయలు మొట్టే పోయేవాడు.

డెబ్బై ఐదులో పాత చిత్తు కాగితాల మధ్య అతనికి ఒక ఇంగ్లీషు పత్రిక దొరికింది. అందులో ఒక కారు బొమ్మ. కప్పు లేదు, రెండే సీట్లు, నేలకు కరుచుకున్నట్టు ఉంది. పక్క బొమ్మలో అదే కారు ముక్కలు ముక్కలుగా పరిచి ఉంది. పక్క వీధి బడిపంతులు చదివి చెప్పాడు. ఆ దేశంలో కంపెనీవాళ్లు కారును ముక్కలుగా పెట్టెల్లో పంపిస్తారట, కొన్నవాళ్లు ఇంటి దగ్గరే బిగించుకుంటారట. నయీముద్దీన్ చాలాసేపు ఆ కాగితం వంకే చూశాడు. పెట్టెలు చేసేవాణ్ణి, ఆ పెట్టెలో పట్టే ముక్కలు చేసుకోలేనా అనుకున్నాడు. చూడండి, పిచ్చి అనేది ఎంత మర్యాదగా తలుపు తడుతుందో.

ములుగు రోడ్డులో చెట్టును గుద్దుకున్న ఒక పాత హెరాల్డు కారును పాతసామాను ధరకు తెచ్చాడు. ఇంజను, చక్రాలు, అడుగు చట్రం ఉంచుకుని మిగతాదంతా కోసి అవతల పారేశాడు. పైన పల్చటి అల్యూమినియం రేకు. పగలంతా ట్రంకులు, సాయంత్రం రెండు గంటలు కారు. అతను కొడుతుంటే రేకు రెండో అంచు పట్టుకునే మనిషి భార్య రహీమాబీ. వాళ్లకు పిల్లలు లేరు. ఆ సుత్తి దెబ్బలకు ఆమె కుడిచెవి సగం వినిపించకుండా పోయింది. అయినా పట్టు వదల్లేదు.

పక్కింటి రాజక్క ఊరుకుంటుందా? "ఏందయ్యా నయీమూ, గింత కిందికున్నది? కారు చేత్తానవా, కోళ్ల గూడు చేత్తానవా?" అనేది. నయీముద్దీన్ నవ్వేవాడు. నవ్వడం తప్ప అతనికి వేరే జవాబు రాదు.

రహీమాబీకి మాత్రం ఆ కారు పిచ్చి కాదు, అవసరం. ఆమెను పెంచి పెద్దచేసిన అక్క అనీస్ బేగం నర్సంపేటలో ఉంది. రహీమాబీకి బస్సు పడదు. ఎక్కి పది నిమిషాలు కాకముందే వాంతులు. దిగాక రెండు రోజులు మంచం. అందుకే ఏళ్ల తరబడి అక్క ముఖం చూడలేదు. "మీద కప్పు లేకుంటె గాలి తగుల్తది. గాలి తగిల్తె నాకేం గాదు. మా అక్క ఇంటి ముంగట ఆపి హారన్ కొట్టు, గంతే సాలు నాకు," అనేది. ఆమె సీటు కోసం ఆమెనే నేల మీద కాళ్లు చాపి కూర్చోబెట్టి, చుట్టూ సుద్దముక్కతో గీత గీశాడు నయీముద్దీన్. ఆ గీత ప్రకారమే రేకు కోశాడు. లోకంలో ఇంకెవరికీ కుదరని సీటు అది.

కారు నడిచింది. కానీ బండి మరీ తేలిక, ఒక్కడే కూర్చుంటే ఒకవైపు లాగేది. బరువు సరిపోవడానికి పక్క సీట్లో ఇసుక బస్తా పెట్టుకుని తిరిగి చూసేవాడు. రహీమాబీ గడపలో నిలబడి, "సవతిని మంచిగ తిప్పుకొస్తానవ్ గద," అని ఉడికించేది. ఎక్కుతానంటే అతను ఒప్పుకోలేదు. రంగు ఆరనీ అన్నాడు. బ్రేకు సరిచేయనీ అన్నాడు. చివరికి కాగితాలు రానీ అన్నాడు. కట్టిన కారుకు కాగితాలు మారేసరికి రెండేళ్లు పట్టింది. ఎనభై రెండులో ఒక మంగళవారం కాగితాలు చేతికొచ్చాయి. శుక్రవారం నమాజు కాగానే నర్సంపేట ప్రయాణం అనుకున్నారు. రహీమాబీ అక్కకు కబురు కూడా పంపింది.

బుధవారం సారంగపాణి వచ్చాడు. ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి అడ్తి వ్యాపారి, మంచివాడు, భారీ మనిషి. డబ్బాలు చేయమని చెప్పడానికి వచ్చి కారు దగ్గర ఆగిపోయాడు. చుట్టూ తిరిగి, "అబ్బ, ఏం జేసినవ్ నయీం భాయి! ముద్దొత్తాంది," అన్నాడు.

"మీదే అనుకోండి సేటూ," అన్నాడు నయీముద్దీన్.

అది వాళ్లింటి మర్యాద. ఎదుటివాడు ఏది మెచ్చుకున్నా, అత్తరు సీసా కానీ, మేకపిల్ల కానీ, మీదే అనాలి. అవతలివాడు "మీకే ముబారక్" అనాలి. అక్కడికి సరి. తల్లి ఉగ్గుపాలతో నేర్పింది. కానీ యార్డులో పుట్టి పెరిగిన సారంగపాణికి మాట అంటే మాటే. అతను నయీముద్దీన్ ముఖంలోకి ఒక క్షణం చూశాడు. చెయ్యి పట్టుకుని, "సరే భాయి, ఖాయం," అని వెళ్లిపోయాడు. పరాచికమనుకుని నయీముద్దీన్ నవ్వాడు.

గురువారం పొద్దున్నే సారంగపాణి దిగాడు. వెంట డ్రైవరు, బంతిపూల దండ, కొబ్బరికాయ, చక్రాల కింద పెట్టడానికి నాలుగు నిమ్మకాయలు, తువ్వాలలో డబ్బు. మట్టెవాడ సగం పోగయింది. "గొప్పోడివయ్యా నయీమూ, నీ కారు సేటు కొంటాండు!" అని రాజక్క అందరికంటే ముందు సంబరపడింది. నయీముద్దీన్ లోగుమ్మం వైపు చూశాడు. పరదా వెనక రహీమాబీ పాదాలు కనిపిస్తున్నాయి. అది మర్యాదకు అన్న మాట సేటూ, అంటే సరిపోయేది. అంత పెద్దమనిషి పదిమందిలో చిన్నబోతాడే అని ఆలోచించాడు వెర్రిబాగులవాడు. పరదా వెనక మనిషి ఏమవుతుందో ఆలోచించలేదు. చెయ్యి చాపాడు. తువ్వాల అందుకున్నాడు.

కొబ్బరికాయ కొట్టాక సారంగపాణి పరదా వైపు తిరిగి, "చెల్లే, నువ్ సుత ఓపారి కూసో. ఓ సుట్టు తిప్పుకొత్తడు మావోడు," అన్నాడు.

"అమ్మిన బండిల నేనెందుకు కూసుంట అన్నా? మీకే ముబారక్," అంది రహీమాబీ లోపలి నుంచే.

జనం వెళ్లాక ఆమె ఏడవలేదు, తిట్టలేదు. అన్నం పెడుతూ ఒక్కటే అడిగింది. "వచ్చినోల్లందరికి మీదే, మీదే అంటవ్. నాతోని ఒక్కపారన్న అన్నవా, గది నీదని?"

ఆ డబ్బును ఆమె ముట్టుకోలేదు. తర్వాత నాలుగేళ్లు అతనికి ఏ లోటూ చేయలేదు. కానీ సుత్తి చప్పుడు వినగానే వచ్చి రెండో అంచు పట్టుకునే అలవాటు మానేసింది. నర్సంపేట మాట మళ్లీ ఎత్తలేదు. ఎనభై ఆరులో పచ్చకామెర్లు వచ్చాయి. దవాఖానలో పదకొండు రోజులుంది, పోయింది. అక్క అనీస్ బేగం బస్సులో వచ్చి ఆఖరి చూపు చూసుకుంది.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనకు సారంగపాణి వచ్చాడు. అందరూ వెళ్లేదాకా కూర్చుని, తల వంచుకుని చెప్పాడు.

"ఓ మాట కడుపుల ఉన్నది భాయి. గా రోజు నాకేం బండి పిచ్చి లేకుండె. మీ ఇంట్ల ఏదో ఆపతి ఉన్నది, నోరిడిసి అమ్ముత అనలేక గట్ల అంటానవ్ అనుకున్న. కాదంటె నీ మనసు నొత్తదని తెల్లారంగనె పైసలు పట్టుకొచ్చిన. దాంట్ల నేను పడుతనా? ఒక్కపారి కూసుంటె మోకాళ్లు గడ్డానికి తాకినయి. గప్పటికెల్లి షెడ్డుల కప్పి పెట్టిన. ఇయ్యను సేటూ అని ఒక్క మాటంటె, నవ్వుకుంట మర్లిపోదును."

నయీముద్దీన్ పరిచిన చాపలు ఒక్కొక్కటే చుట్టి గోడకు చేరేశాడు.

"బండి ఎట్లున్నది గట్లనె ఉన్నది. పైసలద్దు, ఏమద్దు. తీస్కపో," అన్నాడు సారంగపాణి.

"వద్దు సేటూ," అన్నాడు నయీముద్దీన్.

సారంగపాణి చెయ్యి పట్టుకుని బతిమాలాడు. నయీముద్దీన్ మళ్లీ వద్దన్నాడు. ఎంత తేలికగా వచ్చింది ఆ మాట! నాలుగేళ్ల కిందట, పరదా వెనక ఆమె సగం చెవి ఒగ్గి అదే మాట కోసం నిలబడినప్పుడు రాలేదు.