గొంతు తగ్గించి పాడించిన అయ్యగారు

మా అయ్యగారు పోయారన్న కబురు వాట్సాప్‌లో వచ్చింది. జెద్దాలో నేను నర్సుగా పనిచేసే ఆసుపత్రిలో మందుల ట్రాలీ తోసుకుంటూ వెళ్తున్నాను. ఆయన భార్య ఇంగ్లండ్ నుంచి రెండే వాక్యాలు రాశారు. పెద్దగా బాధపడకుండా వెళ్లిపోయారని ఒకటి, అక్కడున్న మన వాళ్లందరికీ చెప్పమని ఒకటి. కింద ఒక ఫొటో ఉంది. ఆయన సగం జీవితం గడిపిన కెథడ్రల్, దాని గోపురం మీద శిలువ. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు ఫోను బోర్లా తిప్పేసి, వెనక ఎవరైనా చూశారేమోనని చూసుకున్నాను. ఎవరూ లేరు. ఉన్నా ఏమీ అనేవారు కాదేమో. రోజులు మారాయని ఇక్కడ అందరూ అంటున్నారు. ఒంట్లో ఇంకిపోయిన భయానికి ఆ సంగతి ఎవరు చెప్పాలి? లినెన్ గదిలోకి వెళ్లి తలుపేసుకుని, అప్పుడు ఏడ్చాను.

ఆయన్ని మేమెవరమూ పేరు పెట్టి పిలవలేదు. మా గోదావరి జిల్లాల్లో చర్చి గురువుని అయ్యగారంటాం, ఆయన భార్యని అమ్మగారంటాం. ఈ ఇంగ్లీషు దొరగారికీ ఆ పిలుపే అంటించాం. అర్థం చెబితే ముచ్చటపడ్డారు. ఇంగ్లండ్‌లో ఒక పెద్ద కెథడ్రల్‌లో, అంటే బిషప్పుగారి పీఠం ఉండే చర్చిలో, రోజూ జరిగే ఆరాధనా పాటలూ ఆయన చేతి మీదుగా నడిచేవి. రిటైరయ్యాక అమ్మగారికి జెద్దాలో ఇంటర్నేషనల్ స్కూల్లో టీచరు ఉద్యోగం వస్తే ఆవిడ వెంట వచ్చారు. ఆయన ఇకామా మీద, అంటే ఈ దేశంలో ఉండటానికిచ్చే కార్డు మీద, డిపెండెంట్ అని, పని చేయడానికి అనుమతి లేదని ఉండేది. ఆ కార్డు మాకు చూపించి, "నేను పని చేయడం లేదని మా బిషప్పుకి ఎప్పుడూ అనుమానమే. ఇప్పుడు ప్రభుత్వమే రాసిచ్చింది" అనేవారు.

శుక్రవారం ఉదయం ఆయన విల్లాలో ప్రార్థన జరిగేది. ఈ దేశంలో చర్చిలు లేవు, మా ఆరాధన బయటపడితే నేరం. నర్సులం కొందరం, ఒక ఇంజనీరు దంపతులు, ఇళ్లలో పనిచేసే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు. కాంపౌండు గేటు కాపలావాళ్లకి అమ్మగారు ముందే ఫోన్ చేసి మా రాక చెప్పి ఉంచేవారు. కర్టెన్లు లాగేసి, వంటగదిలో టీవీ పెట్టేవాళ్లం. నా చెవి ఎప్పుడూ వీధి వైపే. కారు ఆగితే చాలు, పాట మధ్యలో ఆపేసేదాన్ని. మరి మావాళ్లకి డప్పూ చప్పట్లూ లేకుండా పాట వస్తుందా? చేతులు వాటంతటవే లేస్తాయి. అందుకని వేళ్లు పెనవేసి ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లం. కొండంత చర్చిలో ఆర్గన్ పక్కన పాడించిన మనిషి, మా ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఒక్క చూపుడువేలు కదుపుతూ ఊపిరంత గొంతుతో పాడించేవారు. "పెద్దగా పాడితే తప్పులు కలిసిపోతాయి. మెల్లగా పాడితే ఎవరిది వారికి వినిపిస్తుంది" అనేవారు. తెలుగు పాటల మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని నేర్చుకున్నారు. ఆయన నోట్లో 'ళ' పడే పాట్లు చూసి నవ్వాపుకోలేక చచ్చేవాళ్లం. ఆ నవ్వు కూడా చప్పుడు కాకుండానే.

టీ తాగేటప్పుడు ఆయన పాత కబుర్లు చెప్పేవారు. చిన్నప్పుడు ఆ కెథడ్రల్‌లోనే పాటల బృందంలో పాడారట. చదువయ్యాక ఒక బొగ్గు గనుల ఊళ్లో గురువుగా మొదలుపెట్టారు. అక్కడ పెళ్లిళ్లకంటే సమాధి కార్యక్రమాలే ఎక్కువ చేశానన్నారు. తర్వాత తిరిగి కెథడ్రల్‌కే వచ్చి స్థిరపడిపోయారు. సాయంత్రం ప్రార్థనకి ఒక్కోసారి దారి తప్పిన టూరిస్టులు ఇద్దరు తప్ప ఎవరూ ఉండేవారు కాదు. మంచు కురిసి ఊరంతా మూసేసినా ఆయన మాత్రం వెళ్లి తలుపు తీసేవారు. "ఎవరూ రాలేదని ఆపేస్తే, రేపు వచ్చేవాడికి ఏం మిగులుతుంది?" అని ఆయన వాదన. ఒక్క రోజు కూడా ఆపలేదని అమ్మగారు కొంచెం విసుగ్గానే చెప్పేవారు.

ఏటా ఒక పండుగ రోజు పాటల బృందాన్ని గోపురం మీదకి తీసుకెళ్లి, అక్కడి నుంచి ఊరికి వినపడేలా పాడించడం ఆ చర్చి ఆనవాయితీ. అయ్యగారికేమో ఎత్తంటే ప్రాణభయం. ఇరుకు మెట్ల మీద చెమటలు కక్కుకుంటూ ఏటా ఎక్కారట. "తర్వాత తర్వాత భయం పోయిందా?" అని అడిగాను. నాకా జవాబు అవసరం. "ఏ ఏడూ పోలేదు. దాన్ని కూడా వెంటబెట్టుకుని ఎక్కేవాణ్ణి" అన్నారు. నాకు కోపం వచ్చింది. ఇంతకంటే పనికొచ్చే మాట చెబుతారనుకున్నాను.

మాలో అందరికంటే భయపడాల్సిన మనిషి సుగుణక్క. రాజోలు దగ్గర పల్లె. ఒక సౌదీ ఇంట్లో పనిమనిషి. మేడమ్‌కి నేను చుట్టాన్నని చెప్పి శుక్రవారాలు నా దగ్గరికి వచ్చేది. వాళ్ల డ్రైవరు నా ఫ్లాటు దగ్గర దింపితే, అక్కడి నుంచి అయ్యగారింటికి నేను తీసుకెళ్లేదాన్ని. ఆ సంగతి మేడమ్‌కి తెలియదు. తెలిస్తే ఆమె కఫీల్, అంటే వీసా ఇచ్చిన ఆ ఇంటి యజమాని, పనిమనిషి పారిపోయిందని హురూబ్ కేసు పెట్టొచ్చు. అదే గనక జరిగితే ఇంటికి వెళ్లడం మాట దేవుడెరుగు, ముందు జైలు. ఒక ఏడు గుడ్ ఫ్రైడేకి కొద్ది వారాల ముందు, ఆమె దేశం వదిలి ఇంటికి వెళ్లడానికి ఫైనల్ ఎగ్జిట్ ఇస్తానని కఫీల్ ఒప్పుకున్నాడు. కాగితాలు నడుస్తున్నాయి. ఏళ్ల తరబడి ఫోన్లో చూస్తున్న కూతుళ్లని కళ్లారా చూసుకునే రోజు దగ్గరపడింది.

ఆ గుడ్ ఫ్రైడే నాడు మామూలు కంటే ఎక్కువమంది వచ్చారు. అయ్యగారు ఆ ఒక్కరోజుకీ నల్లటి పొడవాటి అంగీ తీసి వేసుకున్నారు. యేసు శిలువ మీద పలికిన ఏడు మాటల్లో మూడోది నడుస్తుండగా బెల్లు మోగింది. అప్పుడు తట్టింది నాకు. చెప్పులు. లోపలికి తెచ్చుకోవాలని అమ్మగారు ప్రతిసారీ చెప్పేవారు. కానీ దేవుడి పేరు మీద గడప దాటేటప్పుడు మావాళ్ల కాళ్లు చెప్పులు బయటే వదిలేస్తాయి, మెదడుని అడగవు. కొత్తగా వచ్చినవాళ్లు విప్పారు, వాళ్లని చూసి పాతవాళ్లూ విప్పారు. తెల్లవాళ్లుండే కాంపౌండులో, ఇద్దరే ఉండే ఇంటి ముందు, చర్చి మెట్ల మీదున్నట్టు చెప్పుల గుట్ట.

సుగుణక్క నా చెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగాయి.

"కాళ్లూ చేతులూ ఆడట్లేదే నాకు. నేను ఎనక నుంచి ఎల్లిపోతా."

"చెప్పుల్లేకుండా ఎక్కడికి పోతావక్కా? కూర్చో" అన్నాను.

అయ్యగారు ఆ అంగీతోనే వెళ్లి తలుపు తీసి, బయటికెళ్లి, వెనక మూసుకున్నారు. నేను తలుపుకి చెవి ఆనించాను. వచ్చింది కాంపౌండు సూపర్‌వైజరు.

"ఇవెవరివి సార్?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"మా అతిథులవి. లోపల ప్రార్థన చేసుకుంటున్నాం. నడిపించేది నేను. నేను పిలిస్తేనే వాళ్లు వచ్చారు. ఎక్కడైనా చెప్పాల్సి వస్తే నా ఒక్కడి పేరే చెప్పండి."

నేను తలుపుకి ఇంకా దగ్గరగా జరిగాను.

"నేను అది అడగలేదు సార్. చెప్పుల సంగతే అడిగాను" అన్నాడతను. అడుగుల చప్పుడు దూరమైంది.

తలుపు తెరుచుకుంది. అయ్యగారు చెప్పులు రెండు చేతులతో గుండెకి అదుముకుని లోపలికి తెస్తున్నారు. దుమ్ము పట్టినవి, తెగితే కుట్టించినవి, ఆసుపత్రి బాత్రూం చెప్పులు. అందరం లేచి నిలబడ్డాం. పెద్దాయన, అందులోనూ గురువు, మా చెప్పులు పట్టుకోవడమేంటి? సుగుణక్క భయం కూడా మర్చిపోయి అడ్డం వెళ్లింది.

"అయ్యగారండీ, మీరట్టుకోకూడదండీ. మాకు పాపమండీ, ఆయ్."

నేను ఆమె మాట ఇంగ్లీషులో చెప్పాను. ఆయన మళ్లీ బయటికెళ్లి మిగతావి కూడా తెచ్చి, జతలు కలిపి గోడవారన పెట్టారు. "మా కెథడ్రల్‌లో, యేసు శిష్యులకి కడిగినట్టు, ఏటా పన్నెండు మంది కాళ్లు కడిగేవాణ్ణి. వాళ్లు ఇంట్లో శుభ్రంగా సబ్బుతో కడుక్కుని వచ్చేవారు" అన్నారు. కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఒళ్లు మండిపోయింది.

వంటగదిలో ఆయన్ని నిలదీశాను. "అతను అడిగింది చెప్పుల గురించి. ప్రార్థన మాట మీరెందుకు ఎత్తారు? మీకేం, బ్రిటిష్ పాస్‌పోర్టు. మహా అయితే విమానం ఎక్కిస్తారు. సుగుణక్క గతేంటి?"

ఆయన కోపం తెచ్చుకోలేదు. "నువ్వన్నది నిజం. నా భయం కూడా దాని గురించే" అన్నారు. తర్వాత హాల్లోకి వచ్చి, సుగుణ క్షేమంగా ఇల్లు చేరేదాకా ఈ ఇంట్లో ప్రార్థన ఉండదని చెప్పారు. అమ్మగారు ఆయన వంక అలా చూస్తూ ఉండిపోయారు. మంచు కురిసిన రోజున కూడా తలుపు తీసిన మనిషి, ఒక పనిమనిషి కోసం తలుపు వేసేశారు.

ఆ తర్వాతి వారాలు ఎలా గడిచాయో చెప్పలేను. ఆ సూపర్‌వైజరు ఎవరికైనా చెప్పాడా, చెప్పలేదా? తెలియకపోవడమే నరకం. ఆసుపత్రిలో ఎవరైనా నా పేరు పిలిస్తే ఉలిక్కిపడేదాన్ని. అయ్యగారు రోజూ మెసేజ్ పెట్టేవారు, ఒకటే ప్రశ్న, "ఏమైనా తెలిసిందా?" చివరికి ఎగ్జిట్ కొట్టారు. సుగుణక్క ఇంటి గడపలో నిలబడి వాయిస్ మెసేజ్ పంపింది. మాటల్లేవు, ఏడుపే. అది అయ్యగారికి వినిపిస్తే, కుర్చీలో కూర్చుని మొహం చేతుల్లో దాచుకున్నారు. ఆ శుక్రవారం మళ్లీ పాడాం. తర్వాత అమ్మగారి కాంట్రాక్టు అయిపోయి ఇద్దరూ ఇంగ్లండ్ వెళ్లిపోయారు. ఆయన మంచాన పడ్డారని తెలిసినా వెళ్లి చూసే వీలు ఎవరికుంది?

మొన్న శుక్రవారం, జెద్దాలోనే షరఫియా పేటలో నేనుండే ఫ్లాటులో ఆయన్ని తలుచుకుని కూర్చున్నాం. కింద టైలరు షాపు, పక్కన డబ్బు పంపే కౌంటరు, వీధి నిండా జనం. కిటికీలు మూసే ఉన్నాయి. పాట అందుకోబోతుండగా సుగుణక్క వీడియో కాల్ చేసింది. వాళ్ల ఊరి చర్చిలో అయ్యగారి కోసం ప్రార్థన పెట్టించిందట. నేను ఎత్తగానే డప్పులు, మైకులు, ఊరంతా ఒక్కసారిగా నా గదిలోకి వచ్చి పడ్డాయి. అందరం అదిరిపడ్డాం. ఎవరో తలుపు వైపు పరిగెత్తారు. నేను సౌండు మొత్తం తీసేశాను.

ఫోను గోడకి ఆనించి పెట్టాను. చప్పుడు లేని ఆ తెరలో సుగుణక్క ముందు వరసలో నిలబడి చప్పట్లు కొడుతోంది. ఇక్కడ ఏనాడూ పళ్లు కనిపించేలా నోరు తెరవని మనిషి, మెడ నరాలు తేలేటట్టు, కళ్లు మూసుకుని గొంతెత్తి పాడుతోంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు, ఆ రోజు కూడా వినలేదు. ఆమె పెదవుల్ని చూసి ఏ చరణం దగ్గరుందో పట్టుకుని, మేం కూడా మెల్లగా అందుకున్నాం.