మెట్ల ముందు ఎర్రనీళ్లు

తొంభైల్లో నేను చిత్తూరులో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మనాలీలో మంచు మీద స్కీయింగ్ నేర్పే ఎన్‌సీసీ క్యాంపుకు మా కాలేజీ నుంచి నేనూ, నా స్నేహితురాలు సుజాతా ఎంపికయ్యాం. మా ఎండల ఊళ్లో చలిబట్టలు ఎవరి దగ్గరుంటాయి? మిలిటరీలో చేసి వచ్చిన పక్కింటి మామ తన ఉన్ని కోటు, మంకీ క్యాపు, బూట్లు ఇచ్చాడు. బూట్లు పెద్దవైతే పేపర్లు కుక్కాను.

ప్రయాణం రేపనగా, "ఒక తూరి అన్నీ ఏసుకోని సూపీ అమ్మీ" అంది మా అమ్మ. మిట్టమధ్యాహ్నం అవన్నీ తొడుక్కుని, చెమటలు కారుతూ వాకిట్లో నిలబడ్డాను. వీధంతా చూడవచ్చింది. "ఇంతమంది కండ్లు పడినాయి" అంటూ అమ్మ ఎర్రనీళ్లతో దిష్టి తీసి, ఆ నీళ్లు మెట్ల ముందే పారబోసింది. ఇంట్లోకి మెట్లెక్కబోతే ఆ తడిలోనే బూటు జారింది. కడప రాయి మెట్టుకు కొట్టుకుని నా మణికట్టు విరిగింది.

నాయన వెంటనే పుత్తూరు తీసుకెళ్లాడు. "రేపు రైలుండాది తాతా" అని కట్టు కట్టే పెద్దాయన ముందు ఏడ్చాను.

"రైలు మళ్లా వస్తాది. చెయ్యి రాదుమ్మా" అన్నాడాయన.

ఆ రైలు నాకు మళ్లీ రాలేదు. "దిష్టి తీసినా గాబట్టి చేత్తో పోయింది" అని అమ్మ ఇప్పటికీ అంటుంది. నేను కాదనను.

ఆ కోటు వేసుకుని సుజాత వెళ్లొచ్చింది. తిరిగి ఇచ్చినప్పుడు గది తలుపేసుకుని దాన్ని మొహానికి ఆనించుకున్నాను. తడిసి ఆరిన ఉన్ని వాసన. నాకు దక్కిన మంచు అంతే.