బట్టీ అడుగున చిట్టెం

కెనడాలో రెజైనా ఊరి చివర, గోధుమ గోదాములు దాటాక, ఒక రేకుల షెడ్డులో నేను చిట్టెం పగలగొట్టే పని చేశాను. ఆ షెడ్డును మేము షాపు అనేవాళ్లం, అక్కడ అమ్మేది ఏమీ లేకపోయినా. గడ్డి నుంచి గ్యాసు తీసే బట్టీలు అక్కడ తయారవుతాయని బయట బోర్డు ఉండేది. నిజానికి ఉన్నది ఒక్క బట్టీయే. దాన్నే విప్పి, మార్చి, మళ్లీ బిగించేవారు.

షాపు యజమాని ఇంజనీరు. వాళ్లది గుంటూరు వైపు, పెరిగింది హైదరాబాదులో. అమెరికాలో చదివి, అక్కడ కొంతకాలం ఉద్యోగం చేసి ఇటు వచ్చాడు. నేను ఆయన్ని సార్ అనేదాన్ని. ఆయన నన్ను ఆంటీ అనేవాడు. మా ఆయన అక్కడ వెల్డరు. గల్ఫులో చాలా ఏళ్లు పైపులు అతికి, ఆ అనుభవం మీద ఈ దేశం వచ్చాడు. ఆయన వర్క్ పర్మిట్ ఆ షాపు పేరు మీదే ఉంది. షాపు మూతపడితే పర్మిట్ ఉండదు, ఇక్కడే స్థిరపడడానికి పెట్టుకున్న పీఆర్ అప్లికేషన్ మధ్యలోనే ఆగిపోతుంది. నా పర్మిట్ ఆయన పర్మిట్‌కు తోక. అందువల్ల ఆ బట్టీ నడవడం, నడవకపోవడం మాకు సొంత విషయం.

బట్టీ అంటే ఏమిటో చెప్పాలి. గడ్డికి గాలి బాగా తగిలితే మండి బూడిద అవుతుంది. గాలి తగ్గించి ఇస్తే సగమే మండి, మండే గ్యాసు ఒకటి పైకి లేస్తుంది. ఆ గ్యాసును గొట్టంలో పట్టుకెళ్లి వేరే చోట వెలిగిస్తే వేడి వస్తుంది. ఈ ప్రాంతంలో గోధుమ కోసాక గడ్డికి కొదవ లేదు. దాన్ని పొడి చేసి, గుళికలుగా వత్తి బట్టీలో పోసేవారు. వినడానికి తేలిక. కానీ గ్యాసుతో పాటు జిగట తారు వచ్చి గొట్టాలను పూడ్చేది. గడ్డి బూడిద వేడికి కరిగి, చల్లారాక గాజులా గట్టిపడి అడుగున ఉన్న కడ్డీలకు అతుక్కునేది. అదే చిట్టెం. బట్టీ చల్లారాక లోపలికి వంగి, ఉలితో సుత్తితో దాన్ని పగలగొట్టి బయటికి తీయడం నా పని.

మా ఊళ్లో ఊక పొయ్యి మీద వండేదాన్నని తెలిసి సార్ ఒకసారి దాని గురించి అడిగాడు. ఊక ఎలా దట్టిస్తామో, మధ్యలో సీసా పెట్టి ఎలా లాగేస్తామో చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. తర్వాత, "దీనికీ దానికీ పెద్దగా సంబంధం లేదు ఆంటీ, బట్ థాంక్స్" అన్నాడు. అప్పుడు సుత్తి తీసుకుని నా పనికి నేను వెళ్లాను.

చిట్టెం ముక్కలను పారేయనిచ్చేవాడు కాదు. ఏ ముక్క బట్టీలో ఎక్కడ అతుక్కుని ఉందో తట్టల్లో వేరువేరుగా పెట్టి, తట్ట మీద రాయమనేవాడు. నాకు అక్షరాలు వచ్చి అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. చిన్నప్పుడు బడికి పోలేదు. ఇక్కడికి వచ్చాక శనివారాలు లైబ్రరీ గదిలో మనవాళ్ల పిల్లలకు తెలుగు నేర్పుతుంటే వెనక కుర్చీలో కూర్చుని నేర్చుకున్నాను. నా పక్కన కూర్చునే పిల్ల టీచర్ అడిగిన ప్రతిదానికీ ఇంగ్లీషులోనే జవాబు చెప్పేది. నా పలక చూసి, "ఆంటీ, యువర్ క లుక్స్ లైక్ ఎ డక్" అంది. అది నిజమే. తట్టల మీద ఆ బాతు అక్షరాలతోనే "కింద, గొట్టం ఎదురు" అనీ, "కింద, తలుపు వైపు" అనీ రాసేదాన్ని. సార్ ఇంగ్లీషులో రాయమనలేదు.

ఒక రోజు ఆయన తట్టలన్నీ నేల మీద గుండ్రంగా, బట్టీలో ఉన్న వరసలోనే పేర్చి వాటి మధ్య నిలబడ్డాడు. గాలి గొట్టం ఎదురుగా ఉన్న ముక్కలు ఇటుకంత మందం. తలుపు వైపువి అప్పడాల్లా ఉన్నాయి. గాలి అంతా ఒకచోటే కొట్టడం వల్ల అక్కడ వేడి మితిమీరి బూడిద కరుగుతోందని, మిగతా చోట వేడి చాలక తారు మిగిలిపోతోందని ఆయన మా ఆయనకు చెప్పాడు. బట్టీని మళ్లీ విప్పి, పెద్ద గాలి గొట్టం తీసేసి చుట్టూ చిన్న చిన్న రంధ్రాలు పెట్టారు. అడుగు కడ్డీలు కదలకుండా ఉండేవి, వాటిని ఊయలలా అటూ ఇటూ ఊగేలా మార్చారు. బట్టీ నడుము దగ్గర లోపల మందంగా, మంటకు తట్టుకునే ఫైర్ సిమెంటు పోసి సన్నం చేయాలనుకున్నారు. గ్యాసు ఆ సన్నటి, బాగా వేడెక్కిన దారిలోంచి పోతే తారు విరిగిపోతుందట.

బట్టీ కొనడానికి ఒప్పుకున్నవాడు ఊరి బయట గ్రీన్‌హౌసులో టమాటాలు, దోసకాయలు పండించే ముసలి రైతు. ఎత్తైన మనిషి, మాట తక్కువ. మొదటి మంచు పడేనాటికి గ్రీన్‌హౌసుకు వేడి అందాలి, అందకపోతే పైపులైను గ్యాసు మళ్లీ కలిపించుకుంటాను, బట్టీ తీసుకెళ్లిపోండి అని ముందే చెప్పాడు. అతను కాదంటే ఇంకో కొనేవాడు లేడు. షాపు అక్కడితో సరి.

బట్టీని లారీ మీద తీసుకెళ్లి రైతు కొట్టంలో నిలబెట్టారు. ఫైర్ సిమెంటు అక్కడే పోశారు. దాన్ని కొన్ని రోజులు గాలికి ఆరనిచ్చి, తర్వాత చిన్న మంటతో మెల్లగా కాచాలి. లోపలి తడి ఆవిరై బయటికి పోవడానికి తీరిక ఇవ్వాలి. ఇది అక్కడ అందరికీ తెలుసు. సారుకు అందరికంటే బాగా తెలుసు.

కానీ హైదరాబాదులో వాళ్లమ్మగారు పంతులుగారి చేత ముహూర్తం పెట్టించారు. వినాయక చవితి అయిన వెంటనే ఒక పొద్దున. అది దాటితే మహాలయ పక్షాలు, ఆ తర్వాత దసరా దాకా మంచి రోజు లేదు. కర్పూరం మాత్రం వెలిగించి ఆర్పేద్దామని సార్ మాతో అన్నాడు. ఆ పొద్దున కొబ్బరికాయ కొట్టాడు. ఫోన్‌ను డబ్బాకు ఆనించి పెట్టాడు, అందులో వాళ్లమ్మగారు పట్టుచీర కట్టుకుని కూర్చున్నారు. కర్పూరం వెలిగింది, ఆరింది.

"అంతేనా?" అన్నారావిడ. "మంట ఏదిరా?"

"తర్వాత వేస్తానమ్మా. సిమెంటు తడిగా ఉంది."

"ముహూర్తానికి మంట పడకపోతే ఇంకెందుకురా ముహూర్తం? కాసిని వెయ్యి. నేను చూస్తాను."

ఆయన కాసిని గుళికలు వేశాడు. అవి అంటుకున్నాయి. కెమెరాలో కనిపించడం లేదన్నారావిడ. ఇంకాసిని వేసి, గాలి కొట్టే బ్లోయర్ ఆన్ చేశాడు. మంట లేచింది. ఫోన్‌లో ఆవిడ చేతులు జోడించారు. కాసేపటికి లోపల పటపటమని మొదలైంది. సిమెంటు పెచ్చులుగా పేలుతోంది. పక్కన నిలబడి చూస్తున్న రైతు అది మా ఆచారంలో పేల్చే టపాకాయలనుకుని చప్పట్లు కొట్టాడు. సార్ బ్లోయర్ ఆపాడు. ఫోన్ వైపు తిరిగి, "బాగుందమ్మా, ఉంటాను" అని కట్ చేశాడు.

పగిలిన సిమెంటును నేనూ మా ఆయనా ఊడబెరికాం. చిట్టెం కంటే అదే కష్టం. మళ్లీ పోశారు. ఈసారి ఆరడానికి ఇవ్వాల్సిన రోజులన్నీ ఇచ్చారు. ఇక కాచడం మొదలుపెట్టాలి. సార్ మొదలుపెట్టలేదు. పొద్దున వచ్చి బట్టీ చుట్టూ తిరిగి, బోల్టులు తట్టి చూసి, ఆఫీసు పనుందని వెళ్లిపోయేవాడు.

"ఏమైందట సారుకు?" అని ఇంట్లో మా ఆయన్ని అడిగాను.

"పక్షాలు నడుస్తున్నయి గద. ఇప్పుడు మంట పెడితే వాళ్లమ్మ ఊరుకోదని భయం."

"పగిలిందని చెప్పి అడగొచ్చు గద."

"పగిలిందనే చెప్పలే."

"మరి ఏం చెప్పిండు?"

"మంచిగ నడుస్తుందని చెప్పిండట."

నాకు నవ్వు వచ్చింది, ఆయనకు రాలేదు. కంచంలో చెయ్యి కడుక్కుని, "దసరా దాకా ఆగితే చలి ఆగుతదా? మనం సూట్‌కేసులు దించుకోవాలె" అన్నాడు. సూట్‌కేసులు అల్మరా మీద ఉండేవి. అప్పటినుంచి అటు చూడకుండా ఉండాలని చూసేదాన్ని.

రైతు రోజూ కొట్టంలోకి వచ్చేవాడు. బట్టీని చూసేవాడు, ఆకాశాన్ని చూసేవాడు. "రేపా?" అని అడిగేవాడు. మా ఆయన "త్వరలో" అనేవాడు. ఒక రోజు రైతు, పైపులైను వాళ్లకు ఫోన్ చేసి పెట్టానని, చలి కబురు వస్తే వాళ్ల మనిషి వస్తాడని చెప్పి వెళ్లాడు. బెదిరింపులా చెప్పలేదు. పాలవాడు వస్తాడన్నట్టు చెప్పాడు.

ఆ మర్నాడు సార్ కొట్టంలో టీ తాగుతుంటే వాళ్లమ్మగారి వీడియో కాల్ వచ్చింది. నేను బట్టీ తలుపు దగ్గర ఊడుస్తున్నాను.

"ఏరా, బట్టీ ఒకసారి చూపించు. పక్క ఫ్లాటావిడ వచ్చింది, చూస్తుందట."

"ఇప్పుడు కాదమ్మా, పనిలో ఉంది."

"పనిలో ఉంటేనే కదా చూసేది."

తప్పక ఆయన ఫోన్ తిప్పాడు. తలుపు తెరిచే ఉంది. ఆవిడ ఫోన్‌కు దగ్గరగా వంగి చూశారు.

"మసేదిరా?" అన్నారు.

"ఏంటి?"

"ముహూర్తం నాటినుంచీ నడుస్తోందన్నావు. లోపలంతా తెల్లగా కొత్తగా ఉందేం? ఒక్క పూట అన్నం వండితేనే పొయ్యి నల్లబడుతుంది."

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. నేను పక్కకు తప్పుకున్నాను, కానీ కొట్టం చిన్నది. ఆయన జరిగిందంతా చెప్పాడు. తడి సిమెంటు, పెచ్చులు, మళ్లీ పోయడం, పక్షాలు, చలి. చివరికి, "ఇప్పుడు నువ్వే చెప్పమ్మా" అన్నాడు. చదువుకున్న మనిషి గొంతులా లేదు అది.

"బట్టీని అక్కడినుంచి కదిపారా?" అని అడిగారావిడ.

"లేదు."

"లోపల పూత ఊడితే మళ్లీ పూశారు. అంతేనా?"

"అంతే."

"దానికి ముహూర్తం ఎందుకురా? పొయ్యి పెట్టేటప్పుడు చూస్తారు గానీ, అలికినప్పుడల్లా చూస్తారా? మీ నాయనమ్మ పొయ్యి గడ్డ విరిగితే మట్టి పూసి, ఆరగానే ఎసరు పెట్టేది."

"మరి పక్షాలు..."

"పక్షాల్లో మనం అన్నం మానేశామా?"

ఆయన బట్టీ వైపు చూశాడు.

"ఇది అడగడానికి ఇన్నాళ్లు పట్టిందా నీకు? పైగా బాగా నడుస్తోందని అబద్ధం. నేను అపార్టుమెంటు అంతా చెప్పుకున్నాను." అంతలో ఆవిడకు నేను కనిపించినట్టున్నాను. "ఏమ్మా, వాడు పొద్దున ఏమైనా తిన్నాడా?"

"టీ తాగుతున్నారమ్మా" అన్నాను.

"అదీ సంగతి" అని ఫోన్ పెట్టేశారు.

ఆ పూటే బట్టీలో పిడికెడు గుళికలతో మంట పెట్టారు. బ్లోయర్ ముట్టలేదు. సార్, మా ఆయన వంతులు వేసుకుని కాపలా కాశారు. మంటను పెంచాలంటే ఒకరినొకరు అడిగేవారు. చుట్టూ ఉన్న రంధ్రాల్లోంచి ఆవిరి సన్నగా, ఇడ్లీ పాత్రలోంచి వచ్చినట్టు వచ్చేది. రైతు ఒక కుర్చీ తెచ్చుకుని ఎదురుగా కూర్చునేవాడు. ఈసారి చప్పట్లు కొట్టలేదు. ఏ చప్పుడు వినిపించినా మా ఆయన వైపు చూసేవాడు. చిన్న చిన్న చప్పుళ్లు వచ్చాయి. పెచ్చు ఒక్కటీ రాలలేదు.

ఆవిరి పూర్తిగా ఆగాకే గుళికలు నిండా పోసి బ్లోయర్ వేశారు. గ్యాసు గొట్టం చివర వెలిగిస్తే పాలిపోయిన మంట, పగటి వెలుతురులో సరిగ్గా కనిపించనిది, నిలకడగా నిలబడింది. సార్ దాని వెనక చెయ్యి పెట్టి గాలి వణుకుతోందో లేదో చూసి, మంట ఉందన్నాడు.

చలి అనుకున్న దానికంటే ముందే వచ్చింది. పొద్దున మేము బస్సు దిగి నడుస్తుంటే దారి పక్క గడ్డంతా తెల్లగా, చెప్పుల కింద కరకరమంటోంది. రైతు వాకిట్లో పైపులైను కంపెనీ బండి ఆగి ఉంది. అది చూసి మా ఆయన నడక తగ్గించాడు.  రైతు గ్రీన్‌హౌసు తలుపు దగ్గర ఆ బండి మనిషితో మాట్లాడుతున్నాడు. లోపలినుంచి వచ్చే వేడికి గాజు పలకల మీద నీళ్లు కారుతున్నాయి. రైతు అతన్ని లోపలికి తీసుకెళ్లాడు. చాలాసేపటికి ఇద్దరూ బయటికి వచ్చారు. బండి మనిషి చేతిలో దోసకాయలు ఉన్నాయి. బండి ఎక్కి వెళ్లిపోయాడు.

రైతు మా వైపు చూసి, "ఇరవై రెండు" అన్నాడు. లోపలి వేడి, డిగ్రీల లెక్క; టమాటాలకు అది చాలు. 

వారం చివర బట్టీని ఆపి చల్లార్చారు. నేను ఉలి, సుత్తి, తట్టలు పట్టుకుని వెళ్లాను. తలుపు తీసి తల లోపలికి పెట్టాను. నడుము దగ్గర సిమెంటు నల్లగా, నున్నగా ఉంది. అడుగున ఊగే కడ్డీల మీద అతుక్కున్నది ఏమీ లేదు. బూడిద కిందికి జారి కుప్పగా పడి ఉంది. దానిలో చెయ్యి పెట్టి వెతికితే శనగగింజలంత పలుకులు దొరికాయి, వేళ్ల మధ్య నలిపితే పొడి అయ్యాయి. సుత్తి అవసరం లేకపోయింది. చీపురు తెచ్చి ఊడ్చాను. ఎప్పుడూ సగం రోజు పట్టే పని టీ చల్లారేలోపు అయిపోయింది.

మా ఆయన తలుపు దగ్గరికి వచ్చి లోపలికి తొంగి చూశాడు.

"నీ పని పోయింది" అన్నాడు.

"నీది ఉంది గద" అన్నాను.

సార్ అలవాటు కొద్దీ తట్ట ఒకటి ముందుకు తోశాడు. అందులో గుప్పెడు బూడిద పోసి, దాని మీద "కింద, అన్ని వైపులా" అని రాశాను. ఇంటికి వెళ్లాక మా ఆయన అల్మరా మీద సూట్‌కేసులను ఇంకా లోపలికి, గోడకు ఆనేలా నెట్టి, ముందు నా కుట్టుమిషను పెట్టాడు.